అక్క వేసుకున్న నీలం చొక్కా

“మీ కంపెనీ ఫోన్లు ఎవరూ కొనట్లేదటగా?” అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. చేతిలో ఫోను పెట్టుకుని వార్తలు చదువుతున్నాడు. ఆ ఫోను మా కంపెనీదే, సిబ్బందికిచ్చే తగ్గింపులో నేను తెచ్చిచ్చిందే. “మొదటి స్థానం నుంచి మూడుకి జారిపోయారట. ఇంకా ఎన్నాళ్లు నిలబడతావు అక్కడ?” అని, ఆ వార్తని పైకి చదివి మరీ వినిపించాడు. నేను కాలరు మీద నీళ్లు చల్లి ఇస్త్రీ పెట్టెతో గట్టిగా రుద్దాను. చొక్కా ఏం చేసింది పాపం.

నేను చేసే పని అందరికీ కనిపిస్తుంది గానీ ఎవరికీ తెలియదు. పెద్ద ఫోన్ల షాపులోకి వెళితే రంగురంగుల చొక్కాలు వేసుకుని, తలా ఒక టేబుల్ ముందు నిలబడి, “రండి సార్, ఒకసారి కెమెరా చూడండి” అని పిలుస్తుంటారే, వాళ్లలో ఒకదాన్ని. మేం షాపు మనుషులం కాదు, ప్రతి ఫోను కంపెనీ తన మనిషిని తానే పెట్టుకుంటుంది. నాది నీలం చొక్కా. పచ్చ చొక్కా వేసుకునేది అక్క, సొంత అక్క కాదు, నేనలా పిలుస్తానంతే. మిగతా ఇద్దరూ మగవాళ్లు, నారింజ చొక్కా ఆయన, తెల్ల చొక్కా దొర. దొర అని మేం పెట్టిన పేరే. ఆయన కంపెనీ ఫోను కొనేవాళ్లు ఇంట్లోనే నిర్ణయించుకుని వస్తారు కాబట్టి ఆయన నోరు తెరవక్కర్లేదు. మిగిలిన ముగ్గురం పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు చించుకుంటూనే ఉంటాం.

మా షాపు ఓనరుకి ఒక పద్ధతి ఉంది. ఒక నెలలో ఎవరి ఫోన్లు ఎక్కువ అమ్ముడైతే వాళ్ల టేబుల్ మరుసటి నెల గుమ్మం పక్కకి వస్తుంది. తగ్గినవాళ్లు లోపలికి జరగాలి. నేను చేరిన కొత్తలో గుమ్మం పక్క నాదే. వీధిలో పోయేవాళ్లు అద్దంలోంచి నన్నే ముందు చూసేవాళ్లు, నాకూ అదో దర్జాగా ఉండేది. ఆ తర్వాత పచ్చ కంపెనీ వచ్చింది. మా ఫోన్లో ఉన్నవన్నీ పెట్టి, పైగా పెద్ద బ్యాటరీ పెట్టి, మాకంటే చవగ్గా ఇచ్చింది. ఇంకేముంది, నా టేబుల్ కొంచెం కొంచెంగా జరిగి జరిగి బాత్రూం తలుపు పక్కన తేలింది. అక్కడిదాకా వచ్చేవాళ్లు ఫోను కోసం రారు కదా.

“షేరు పడిపోతోందమ్మా” అనేవాడు మా ఏరియా మేనేజరు వచ్చినప్పుడల్లా, అదేదో నా చేతిలోంచి జారి పడినట్టు. షేరంటే షాపు అమ్మకాల్లో మా కంపెనీ వాటా. ధర పెట్టిందీ వాళ్లే, చిన్న బ్యాటరీ పెట్టిందీ వాళ్లే, చివాట్లు మాత్రం నాకు. నాకిది కొత్తేమీ కాదు. ఇంట్లో గ్యాస్ అయిపోయినా నా తప్పే, కుళాయిలో నీళ్లు రాకపోయినా నా తప్పే. కిందటి నెల మాత్రం ఆ మేనేజరు నాన్చకుండా చెప్పేశాడు. “ఈ నెల ఇక్కడ షేరు ఇంకొంచెం తగ్గినా సరే, టేబుల్ ఎత్తేస్తాం. నువ్వు ఇంకో పని చూసుకో.”

జీతం సంగతి సరే. ఇంట్లో నేనో మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు మా ఆయన టీవీ రిమోట్ వెతుక్కుంటాడు. షాపులో ముక్కూమొహం తెలియని మనుషులు నేను చెప్పేదంతా విని, తలూపి, ఆఖర్న “మీరైతే ఏది కొంటారండీ?” అని అడుగుతారు. మీరైతే! పెళ్లయ్యాక ఆ మాట నన్ను ఇంట్లో ఎవరూ అడగలేదు, కనీసం కిటికీ తెరల రంగు గురించి కూడా. ఆ ప్రశ్న కోసమే రోజూ బస్సులో వేలాడుతూ వెళ్లేదాన్ని. అది పోతే ఇక నాకు మిగిలేది ఇస్త్రీ పెట్టె.

సరిగ్గా ఆ నెలాఖరు శనివారమే అత్తయ్యకి కంటి ఆపరేషన్ ఖాయమైంది. నెలాఖరు శని, ఆదివారాలంటే మాకు జనం విరగబడే రోజులు, నెలంతా ఒక ఎత్తు, ఆ రెండు రోజులూ ఒక ఎత్తు. ఒక్కరోజు మీరుండండి అని మా ఆయన్ని అడిగాను. “నాకు ఆడిట్ ఉంది. అయినా అమ్మ పక్కన ఆడమనిషి ఉండాలి గానీ నేనుండి ఏం చేస్తాను? మీ కంపెనీ ఎలాగూ పోయేదే. రెండ్రోజులు నువ్వు వెళ్లకపోతే ఏం కొంప మునిగిపోదు” అన్నాడు. మునిగేది నా కొంప కాబట్టి ఆయనకి అంత నింపాదిగా ఉంది.

అక్కకీ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఒకరు తినడానికో, బాత్రూంకో వెళితే రెండోవాళ్లు వెళ్లి ఆ టేబుల్ ముందు నిలబడాలి. నిలబడినంతసేపూ ఆ కంపెనీ ఫోన్లనే చూపించాలి, వాటినే పొగడాలి, సొంత ఫోను ఊసెత్తకూడదు. మా మేనేజర్లకి తెలిస్తే గుండె ఆగిపోతుంది. మగవాళ్లిద్దరూ ఇందులో చేరలేదు. వాళ్లకి అవసరమూ పడలేదు, ఎంతసేపు బయటికి వెళ్లినా వాళ్లని అడిగేవాడు లేడు. అయితే అది కాసేపటికి పనికొచ్చే ఒప్పందం. రెండు రోజులు నిలబడమని ఎవరిని అడుగుతాం, అదీ పోటీ కంపెనీ మనిషిని? అందుకే అడగలేదు. శుక్రవారం సాయంత్రం “నా పని అయిపోయిందక్కా. వచ్చే నెల నుంచి నువ్వొక్కదానివే” అని చెప్పి ఏడ్చాను. “నోర్ముయ్యవే. ముందు వెళ్లి మీ అత్తగారి సంగతి చూడు” అంది. అని తన టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో రెండు రోజులూ అత్తయ్య మంచం పక్కనే ఉన్నాను. నిలబడి ఫోన్లు చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా అని బంధువుల ముందు నవ్విన మనిషి, కంటికి కట్టు కట్టాక నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. “ఎంతసేపని నిలబడతావే అమ్మాయ్, కాస్త కూర్చో” అంది. మా ఆయన సాయంత్రాలు వచ్చి, తల్లి కోసం తెచ్చిన పళ్లు తానే తిని, “బాగానే ఉందిగా” అని వెళ్లిపోయేవాడు.

సోమవారం నా సామాన్లు తెచ్చుకుందామని షాపుకి వెళ్లాను. సామాన్లంటే ఏముంది, నీళ్ల సీసా, సొరుగులో ఉంచుకునే ఇంకో నీలం చొక్కా. వెళ్లేసరికి నా టేబుల్ తుడిచి ఉంది, ఫోన్లన్నీ ఛార్జింగులో ఉన్నాయి. “ఎక్కడికమ్మా మూట కట్టుకుంటున్నావు? మీ షేరు తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా” అన్నాడు ఓనరు. నేను లేకుండా ఎలా పెరిగిందండీ అన్నాను. ఆయన పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పాడు.

శనివారం పొద్దున అక్క తన పచ్చ చొక్కాతోనే నా టేబుల్ ముందు నిలబడి నీలం ఫోన్లని పొగిడిందట. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? “ఏమ్మా, మీ ఫోను వదిలేసి పక్క కంపెనీదాన్ని పొగుడుతున్నావు, మీదాంట్లో అంత లోపం ఏముందేంటి?” అని అడిగారట. నా ఫోనూ అమ్ముడుపోక, తన ఫోను పేరూ పాడవుతుంటే అక్క సొరుగు తీసి నా నీలం చొక్కా పైన తొడిగేసుకుంది. అక్కణ్ణించి ఒక పూట పచ్చ, ఒక పూట నీలం. ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా పచ్చ కంపెనీ మేనేజరు దిగాడు. తన మనిషి నీలం చొక్కాలో నిలబడి, “మీ బామ్మగారికైతే ఇదే సులువుగా ఉంటుంది బాబూ” అని మా ఫోను ఒకాయన చేతిలో పెడుతుంటే కళ్లారా చూశాడు. ఫోను కొన్నాయన బయటికి వెళ్లీ వెళ్లకముందే అక్కని అందరి ముందూ దులిపేశాడట. “నీకోసం ఆ తల్లి నానా మాటలూ పడిందమ్మా. అమ్మకాలు తగ్గి గుమ్మం పక్కనున్న తన చోటు కూడా నారింజవాళ్లకి పోయింది” అన్నాడు ఓనరు.

చూస్తే అక్క తన టేబుల్ని ఒక్కతే లోపలికి లాక్కుంటూ వస్తోంది. పరుగెత్తుకెళ్లి రెండోవైపు పట్టుకున్నాను. “ఎందుకక్కా ఇంత పని చేశావు?” అన్నాను. “ఎందుకేంటి? నిన్ను తీసేస్తే అక్కడ ఇంకో మగాణ్ణి తెచ్చి పెడతారు. అప్పుడు నేను తినడానికి వెళితే నా టేబుల్ దగ్గర మీ తాత నిలబడతాడా?” అంది. మళ్లీ తనే, “కంపెనీలు కొట్టుకుంటే కొట్టుకోనీ. వాటికి జీతానికి ఫోన్లు అమ్ముతున్నాం గానీ ఒకరినొకరం అమ్ముకుంటామా?” అంది. నాకు ఏడుపు ఆగలేదు. పుట్టింట్లో, అత్తింట్లో, ఆఖరికి నేను జ్వరంతో మూలుగుతున్నప్పుడు కూడా నా చోట్లో నిలబడిన మనిషి ఒక్కరూ లేరు. ఆ షాపు మధ్యలో, అందరూ చూస్తుండగా, అక్కని వాటేసుకున్నాను. దొర కూడా నోరు తెరిచి “అరెరే” అన్నాడు.

ఆ రోజు నుంచి పచ్చ కంపెనీ మేనేజరు అక్కకి సెలవన్నది ఇవ్వలేదు. వారానికోరోజు ఉండే సెలవు కూడా ఏదో వంక పెట్టి ఎగ్గొట్టాడు. “ఒక్కరోజు దొరికితే చాలే” అంది మొన్న, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. ఇంట్లో ఏమైనా పనుందా అక్కా అన్నాను. “పనా? ఇంట్లో పనికేం కరువు? పడుకుందామని. పెళ్లయినప్పట్నించీ అందరూ లేవకముందే లేచి, అందరూ పడుకున్నాకే పడుకుంటున్నా. ఒక్కరోజు పగలంతా నిద్రపోవాలని ఉందే” అంది. నేను మరేం ఆలోచించలేదు. “మంగళవారం నాకు సెలవు. పొద్దున వచ్చి హాజరు వేయించుకుని వెళ్లిపో, నేను నిలబడతా. నీ చొక్కా ఒకటి ఇవ్వు” అన్నాను.

మంగళవారం పచ్చ చొక్కాతో గదిలోంచి బయటికి వస్తే మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. ఆ రోజు ఆయనకి ఇంటినుంచే పని. “ఇదేం వేషం?” అన్నాడు. చెప్పాను.

“నీకేమైనా మతిపోయిందా? సెలవు రోజున, ఊరికే, పోటీ కంపెనీ ఫోన్లు అమ్ముతావా? నీకేమొస్తుంది?”

“ఏమీ రాదు. వచ్చేది ముందే వచ్చేసింది.”

“మరి మధ్యాహ్నం అమ్మ కంట్లో చుక్కలెవరు వేస్తారు?”

“మీరే. రెండు చుక్కలండీ, వేసేముందు చేతులు కడుక్కోండి” అని చుక్కల మందు సీసా తీసి ఆయన ముందు పెట్టాను. నాకే ఆశ్చర్యం వేసింది.

“ఇంతకీ ఆ మహాతల్లికి ఏం రాచకార్యం పడింది?”

“పడుకోవాలట.”

ఆయన పగలబడి నవ్వాడు. “పడుకోవడానికా!”

పక్కగదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని పడుకున్న అత్తయ్య నిద్రపోతోందనుకున్నాం.

“నవ్వకురా” అంది లోపల్నుంచి. “నాకూ ఉండేది ఆ కోరిక. నా బదులు నిలబడతానని ఎవరూ అనలేదు, అంతే.”