నల్ల అట్ట మీద గుండీలు

ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు ఆమెనే అడుగుతారు. భర్త షాపు తాళాలు, అత్తగారి మందుల డబ్బా, కరెంటు బిల్లు, టీవీ రిమోటు. "తీసే చెయ్యీ నీదే, పెట్టే చెయ్యీ నీదే. పోతే ఇంకెవర్ని అడగాలమ్మా?" అని పెళ్లయిన కొత్తలో అత్తగారు నవ్వుతూ అన్న మాట, కాలం గడిచేకొద్దీ నవ్వు రాలిపోయి, ఆ ఇంటి చట్టంగా మిగిలింది. ఆమె కూడా అలవాటుపడింది. ఎవరు "ఏదీ?" అన్నా చేతిలో పని వదిలి వెతికేది. దొరికితే ఎవరూ ఏమీ అనేవారు కాదు. అందుకే ఆ రోజు పోయింది తన వస్తువే అయినప్పుడు ఎవర్ని అడగాలో తెలియక వంటింటి బల్ల దగ్గర అలాగే నిలబడిపోయింది.

బల్ల మీద అక్క పంపిన పార్సిల్ విప్పి ఉంది. అక్క పంపిందంటే, పంపమని చెప్పి పోయింది. పోయి మూడు నెలలు. అమ్మ కుట్టుమిషను నీడలో పెరిగిన ఇద్దరిలో చెల్లెలు చదువుకుని టీచరైతే, అక్క ఆ మిషనుని వదల్లేదు. బట్టలు కుట్టి బతికింది, గుండీలు పోగుచేసి సంతోషపడింది. ముత్యపు చిప్పవి, కొమ్ముతో చేసినవి, గాజువి, మీనా పనితనం ఉన్న వెండివి. ఒక్క గుండీ కోసం చిరిగిన కోటు మొత్తం కొన్న మనిషి. చివరి రోజుల్లో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, వాటన్నిటినీ నల్ల అట్టల మీద వరసగా కుట్టి పెట్టిందట. "అన్నీ ఒకేసారి పంపకండి. దానికి కూర్చుని ఏడ్చే తీరిక ఉండదు. కొంచెం కొంచెంగా పంపండి" అని బావకి చెప్పిందట. బావ ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు ఆమె కుక్కర్ మూత పెడుతూ వింది. మూత పెట్టాకే ఏడ్చింది.

మొదటి పెట్టెలోని ఒక అట్ట మీద, వరస మధ్యలో రెండు చోట్ల గుండీలు లేవు. సూది గుచ్చిన రంధ్రాలున్నాయి, తెగిన దారపు మొనలున్నాయి. తనంతట తాను తెగిన దారం పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తెర పడిన దారం. కుట్టుపని ఇంట్లో పుట్టినదానికి ఆ మాత్రం తెలుసు.

"నేను తీసుకునేసరికే టేపు లేచిపోయి ఉంది," అన్నాడు భర్త. ఆయనది కళ్లజోళ్ల షాపు. బాగా పొద్దెక్కితే గాని తెరవడు కాబట్టి ఇంటికొచ్చే పార్సిళ్లన్నీ ఆయనే సంతకం పెట్టి తీసుకుంటాడు. ఆ వేళకి ఆమె స్కూల్లో హాజరు పిలుస్తూ ఉంటుంది. "ఆ పార్సిళ్ల అమ్మాయికి చేతివాటం ఉందేమో. కొత్త పిల్ల కదా. అయినా రెండు గుండీలకి అంత ముఖం పెట్టాలా? రేపు సూది పోయిందని పోలీసుల్ని పిలుస్తావు."

"ఇల్లు ఇప్పటికే ఇరుకైపోయింది. ఇప్పుడు వాటికో అలమరా కావాలి కాబోలు," అంది అత్తగారు లోపలి గదిలోంచి.

రెండో పెట్టెలో మూడు పోయాయి. మూడూ వెండివే. నీలం, ఆకుపచ్చ మీనా పువ్వులున్న సెట్టులోవి.

అనుమానం పెనుభూతమంటారు. ఆమెకి మాత్రం అది కంట్లో పడ్డ నలుసైంది. ఎంత నలిపినా పోదు, దేన్ని చూసినా దాని వెనకనుంచే చూడాలి. మనుషుల ముఖాలు చూడటం మానేసి గుండీలు చూడసాగింది. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారి కోటు, బస్సులో పక్క సీటావిడ స్వెటరు, మందుల షాపు కుర్రాడి చొక్కా. పార్సిళ్ల అమ్మాయి ఖాకీ కోటుకి ఉన్నవన్నీ ఒకే రకం ప్లాస్టిక్ గుండీలు. అయినా మిగతావి ఇంట్లో దాచిందేమో అనిపించింది. వీడియో కాల్‌లో బావ చొక్కా కూడా పైనుంచి కిందిదాకా చూసింది. "ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అని ఆయన అడిగితే "చిక్కిపోయారు బావా" అంది. అది అబద్ధం కాదు. కానీ తను చూసింది అది కాదు. ఫోను పెట్టేశాక తన మీద తనకే రోత పుట్టింది.

"మీ బావనైనా నమ్మకమేమిటి?" అన్నాడు భర్త, ఆమె మనసు చదివినట్టు. "ఒంటరి మగాడు. ఎవరో ముచ్చటపడితే తీసిచ్చేసి ఉంటాడు. మీ అక్క పోయాక వాటికి లెక్కడిగేదెవరు?"

"ఇకమీదట పెట్టెలు పోస్టాఫీసులోనే ఉంచమంటాను. సెలవు పెట్టి నేనే వెళ్లి తెచ్చుకుంటా," అంది ఆమె.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సెలవులు గుండీలకి తగలేస్తావా? అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఎవరు సెలవు పెడతారు? అంత అవసరం లేదు. ఆ పిల్ల మీద ఒక కంప్లయింట్ పడేస్తే దారికొస్తుంది. రాయి, నేను చెప్తాను."

ఆయన చెప్పాడు, ఆమె రాసింది. 'పార్సిళ్లు తెచ్చే అమ్మాయి మీదే నా అనుమానం' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. పిల్లల్ని మందలించేటప్పుడు కూడా కళ్లతో చూడనిది అనకూడదని పాఠం చెప్పే మనిషి ఆమె. "ఆగావేం? నీ పేరు మీద వచ్చే పార్సిల్ కదా, సంతకం నువ్వే పెట్టాలి," అన్నాడు ఆయన. ఆ ఇంట్లో ఆమె పేరుతో పనిపడే సందర్భాలు తక్కువ. పెట్టింది.

మూడో పెట్టె శనివారం వచ్చింది. ఒంటిపూట బడి ముగించుకుని వస్తుంటే వీధి మలుపులో పార్సిళ్ల అమ్మాయి ఎదురై, సైకిలు దిగింది.

"టీచరమ్మా, మీ పెట్టె పొద్దున్నే ఇచ్చేశాను. టేపు సరిగ్గా ఉందో లేదో చూసుకోమని సార్‌కి రెండుసార్లు చెప్పాను. ఆయన చూసుకునే సంతకం పెట్టారు."

"సరే."

"నాది పర్మినెంటు కాదమ్మా. సోమవారం విచారణకి పిలిచారు. మీ కంప్లయింట్ నిలబడితే మంగళవారం నుంచి రావద్దంటారు." హ్యాండిల్ మీద వేళ్లు బిగించింది. "మీ పెట్టెల్లో ఏముంటుందో కూడా నాకు తెలీదమ్మా. ఊపితే గలగలమంటుంది, అంతే."

"చెప్పేదేదో అక్కడే చెప్పు," అంది ఆమె. ఆ గొంతు తనది కాదు. ఎవరిదో పోల్చుకునే లోపు ఇల్లు వచ్చింది.

ఈసారి అట్టలన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్క ఖాళీ లేదు. "చూశావా!" అన్నాడు భర్త గుమ్మంలోంచి, చెప్పులేసుకుంటూ. "ఒక్క కాగితం ముక్కకి ఎలా జడుసుకుందో. దొంగకి భయం పెట్టాలి గాని బతిమాలకూడదు." ఆయన షాపుకి వెళ్లిపోయాడు. ఆమె అట్టని ఒళ్లో పెట్టుకుని, అక్క వేళ్లు తగిలిన చోటల్లా బొటనవేలితో నిమురుతూ కూర్చుంది. ఒక్కో గుండీ కింద దారాన్ని చుట్లు చుట్టి చిన్న మెడ కట్టడం అక్క పద్ధతి. గరుగ్గా, మైనం పూసిన నల్లదారం. ఆఖరి వరసలో ఒక ఇత్తడి రంగు గుండీ కింద వేలు జారింది. పక్కదాని కింద కూడా జారింది.

అట్టని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. అది నల్లదారం కాదు. అసలు దారమే కాదు, వెంట్రుకలా మెరిసే నైలాను. ఆ రెండు గుండీలూ అక్కవి కావు, బజారులో పొట్లాల్లో అమ్మే మామూలు రకం.

సగం ఫ్రేము కళ్లద్దాలని ఉంటాయి. పైభాగానికే ఫ్రేము. కింద అద్దాన్ని కంటికి కనబడని నైలాను తీగ పట్టి ఉంచుతుంది. ఆ తీగ ముక్కలు ఆయన చొక్కా జేబుల్లోంచి, ప్యాంటు మడతల్లోంచి ఎప్పుడూ రాలుతుంటాయి. ఉతికేముందు జేబులు తిరగేసేది ఆమె. చీపురుకి చుట్టుకున్న ముక్కల్ని గోటితో లాగేది ఆమె. ఆ తీగ ఆయనకంటే ఆమె వేళ్లకే బాగా తెలుసు.

అయితే ఆమెని లేవనివ్వకుండా కూర్చోబెట్టింది దొంగతనం కాదు. ఆ కుట్టు. ఎంత శుభ్రంగా ఉందో! గుండీ వంకర లేదు, మెడ వదులు లేదు, అచ్చం అక్క చుట్టినట్టే చుట్టాడు. "సూదిలో దారమెక్కించడం నా వల్ల కాదు తల్లీ" అంటూ పెళ్లయినప్పటినుంచీ చొక్కా ఒంటిమీదే ఉంచుకుని, గడ్డం పైకెత్తి, ఆమె చేత గుండీలు కుట్టించుకున్న మనిషి. స్కూలు బస్సు హారను కొడుతుంటే పళ్లతో దారం కొరికిన పొద్దుటిపూటలు ఎన్ని! ఆవగింజంత స్క్రూని కళ్లజోడులో బిగించే వేళ్లకి సూది లొంగదని తనెలా నమ్మింది? నమ్మడం తేలిక. నమ్మకపోతే ఆ పూట గొడవ పడాలి. అంత చక్కగా కుట్టినవాడు, చివరికి షాపు తీగ ఎందుకు వాడాడంటే, ఇంట్లో నల్లదారం ఏ అరలో ఉంటుందో ఆయనకి తెలియదు. ఎవర్ని అడగాలో తెలుసు గాని, ఈసారి అడగడానికి లేదు. ఆమెకి నవ్వొచ్చింది. అక్క పోయాక అదే మొదటి నవ్వు. అది గొంతులో ఉండగానే తను సంతకం పెట్టిన వాక్యం గుర్తొచ్చింది.

మర్నాడు భోజనాల దగ్గర, కూర వడ్డిస్తూ అడిగింది. "ఏవండీ, మీకు కుట్టడం వచ్చా?"

ఆయన చెయ్యి ఆగింది. అత్తగారే ముందు మాట్లాడింది. "వాడికెందుకొస్తుందే?"

"వచ్చత్తయ్యా. చాలా బాగా వచ్చు. షాపులో తీగతో కుట్టారు."

ఆయన, ఇందులో దాచేదేముంది అన్నట్టు చెప్పుకొచ్చాడు. "షాపు ఓనరు భార్యకి పాత గుండీలంటే ప్రాణం. ఈ నెల అద్దె అగ్రిమెంటు పొడిగించాలి. ఆవిడ మాటంటే ఆయనకి వేదం. నీ దగ్గర వందలున్నాయి, అందులో నాలుగు పోతే ఏం?"

"నన్ను అడగచ్చుగా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇవ్వను."

"అందుకే అడగలేదు."

"వాడేమన్నా తాగి తగలేశాడా?" అంది అత్తగారు. "ఇంటికోసమేగా. షాపు నిలబడితే తినేది నువ్వు కాదూ?"

"మరి ఆ అమ్మాయి సంగతి?"

"ఏ అమ్మాయి?" అన్నాడు ఆయన, నిజంగానే గుర్తు రాక. వచ్చాక చెయ్యి విదిలించాడు. "అదా! టెంపరరీ ఉద్యోగం, ఇంకోటి చూసుకుంటుంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నవ్వులపాలయ్యేది మనం. రేపు నేనూ వస్తాను. మాట్లాడేదంతా నేను మాట్లాడతాను. నువ్వు తలూపితే చాలు."

సోమవారం పోస్టుమాస్టరు గదిలో రెండు కుర్చీలు వాళ్లకి వేశారు. పార్సిళ్ల అమ్మాయి బీరువా పక్కన నిలబడింది. ఉతికిన కోటు వేసుకొచ్చింది, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుంది.

"మా ఆవిడ వాళ్లక్క పోయిన దుఃఖంలో ఉందండీ," మొదలుపెట్టాడు భర్త, తగినంత మెల్లగా. "ఎక్కువ మాట్లాడే స్థితిలో లేదు. అందుకే నేనే…"

ఆమె ఆ మాట వింది. మూడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. అక్క పోయిన మర్నాడు కూడా డబ్బా సర్దుకుని బడికి పోయింది, వచ్చి అంట్లు తోముకుంది. "ఎలా ఉన్నావు?" అని అడిగినవాళ్లు లేరు. ఇవాళ తన దుఃఖం ఉన్నట్టుండి ఆయనకి కనబడింది, పనికొచ్చింది గనక. గుండీలు కత్తిరించి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని కూడా తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ ఇవ్వచ్చేమో గాని ఇది ఇవ్వకూడదనుకుంది.

"పార్సిళ్లలో ఏమీ పోలేదండీ," అంది. "మా ఇంట్లో పోయాయి."

పోస్టుమాస్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "అంటే?"

"పెట్టెలు నిండుగానే వచ్చాయి. సంతకం పెట్టి తీసుకున్నవాళ్లే విప్పారు. ఈ అమ్మాయి గురించి నేను రాసింది నిజం కాదు. కొట్టెయ్యండి." ఆ పిల్ల వైపు తిరిగింది. "తెలియకుండా నీ మీద రాశాను. తప్పు చేశాను."

ఆ పిల్ల పర్వాలేదని అనలేదు. అనకపోవడమే సబబనిపించింది ఆమెకి.

పోస్టుమాస్టరు ఒకసారి భర్త ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఇలాంటివి ఇంట్లోనే చూసుకోవాలమ్మా."

"ఇన్నాళ్లూ ఇంట్లోనే చూసుకున్నామండీ. అందుకే ఇక్కడిదాకా వచ్చింది."

బయట మెట్ల మీద భర్త ముఖం ఎర్రబడి ఉంది. "నా పరువు తీసి నడిరోడ్డు మీద పెట్టావు. నడు, ఇంటికెళ్లి మాట్లాడదాం."

ఆమె రెండో వైపు తిరిగింది.

"ఎక్కడికి?"

"మీ ఓనరుగారింటికి. మా అక్క గుండీలు తెచ్చుకోవాలి."

"నీకేమన్నా పిచ్చా? అగ్రిమెంటు ఇంకా చేతికి రాలేదు!" ఆయన రెండంగల్లో ఎదురొచ్చి, జనం చూస్తారని ఆగాడు. గొంతు ఒక్కసారి మెత్తబడింది. "అది కాదు… వెళ్లి ఆవిడతో ఏం చెప్తావు?"

"నేనేమీ చెప్పను. మీరు ఎవరివని చెప్పి ఇచ్చారో, అది మాత్రం అడుగుతాను."