పొడుగుముక్కు ఇంజను

వీధిలో అందరూ అతన్ని బామ్మర్ది అనే పిలుస్తారు. వీధి ఈ చివర మెకానిక్ షెడ్డు నడిపే బావకి బామ్మర్ది కాబట్టి, ఆ లెక్కన అందరికీ బామ్మర్దే. ఆ చివర సొంతంగా టింకరింగు షెడ్డు పెట్టుకుని, తలుపు మీద తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాయించుకున్నా లాభం లేకపోయింది. బావతో మాటలు పోయి ఏళ్ళయింది గానీ పిలుపు మాత్రం పోలేదు. సొట్ట తీయించుకోవడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాడు కూడా, "బామ్మర్ది ఉన్నాడా?" అనే అడుగుతాడు. అదేం ఖర్మో గానీ, ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది, అయినా పలుకుతాడు.

ఆ శుక్రవారం అలా పిలిచినవాడు పార్టుల వ్యాపారి. పాత జపాను స్పోర్ట్సు కార్ల సామాను ఏ మూల పడి ఉన్నా వాసన పట్టే మనిషి. ఒకరికి సీట్లిచ్చి గేరుబాక్సు లాగుతాడు, ఆ గేరుబాక్సు ఇంకొకరికిచ్చి తలుపులు లాగుతాడు. ఆయన షెడ్డు వెనక్కి వెళ్ళి, పట్టా కప్పి ఉన్న పాత కారు బాడీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చల్లగా అసలు మాట చెప్పాడు.

"ఇంజను మీ బావ నాకిచ్చేస్తున్నాడు. ఆదివారం పొద్దున వచ్చి పట్టుకుపోతా. ఇంజను లేని డొల్ల నువ్వు మాత్రం ఏం చేసుకుంటావు? ఆ డోర్లూ ముందు అద్దం నాకిచ్చెయ్."

బామ్మర్ది చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. ఆలోచించి చెప్తానని ఆయన్ని పంపేశాడు గానీ, ఆలోచించడానికి బుర్ర పనిచేస్తే కదా!

ఆ కారు సంగతి చెప్పకపోతే అతని బాధ అర్థం కాదు. అతనికి మీసాలు సరిగా మొలవని రోజుల్లో, అక్కకి కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, బావ ఎవరిదో తుక్కు సామాను కొట్టు వెనక ముళ్ళపొదల్లో దాన్ని చూశాడు. రెండే తలుపులు, నేలకి అంటుకుపోయినట్టుండే ఒళ్ళు. ముందు బానెట్టు మీద మాత్రం మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. లోపల ఒక పిల్లి పిల్లల్ని పెట్టుకుని కాపరం చేస్తోంది. దాన్ని ఇంటికి లాక్కొచ్చిన రోజు అక్క గుమ్మంలో నిలబడి, "ఈ పొడుగుముక్కు దాన్నా మీరు తెచ్చింది?" అంది. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇంజను బావది, రేకు పని బామ్మర్దిది. లైటు పట్టుకోవడం, పానాలు అందించడం, ఇద్దర్నీ తిట్టడం అక్క వంతు. చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు, ఏది కావాలన్నా ఇంట్లో ఉన్నదేదో ఇచ్చి తెచ్చుకోవడమే. పెళ్ళికి కానుకగా వచ్చిన టేబుల్ ఫ్యాను పోయి కార్బురేటర్లు వచ్చాయి. ఆ ఎండాకాలమంతా అక్క అట్టముక్కతో విసురుకుంటూ, "ఆ కార్బురేటర్ల ముందు కూర్చుంటే గాలొస్తుందేమో చూస్తా" అని దెప్పేది. ఇంజను ముందుండే పెద్ద నట్టు విప్పాల్సి వస్తే, ఇంజను తిరిగిపోకుండా ప్లగ్గు కన్నంలోంచి సిలిండరులోకి మెత్తటి తాడు దూర్చేవారు. పిస్టను పైకొచ్చి తాడుకి ఒత్తుకుని, దేనికీ దెబ్బ తగలకుండా ఆగిపోయేది. వాళ్ళిద్దరి మొరటు వేళ్ళకి ఆ పని కుదిరేది కాదు, అక్కనే పిలిచేవారు.

మొదటిసారి కారు బయటికి తీసిన రోజు దానికి సీట్లు లేవు. బావ ఒక చెక్కపెట్టె మీద, బామ్మర్ది ఇంకో చెక్కపెట్టె మీద, అక్క వెనక సామాను పెట్టుకునే చోట. మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలు జారేవి, అక్క కెవ్వుమనేది. ఇంజను పాడే పాటకి బావ కళ్ళల్లో నీళ్ళు తిరగడం బామ్మర్ది చూశాడు. దుమ్ము పడిందన్నాడు బావ. ఆ రోజులే రోజులు! అంత సుఖం మళ్ళీ ఎప్పుడూ పడలేదని బామ్మర్దికి ఇప్పుడు తెలుస్తోంది.

చెడింది ఎక్కడంటే చక్రాల దగ్గర. బామ్మర్ది ఏదో పత్రికలో వెడల్పాటి చక్రాలతో ఉన్న అలాంటి కారు బొమ్మ చూశాడు. అప్పట్నుంచి అదే ధ్యాస. అవి పట్టాలంటే చక్రాల మీది రేకు కోసి, బయటికి పొంగిన రెక్కలు అతికించాలి. చేసినవాడు ఎలా చేశాడో అలాగే ఉండాలన్నాడు బావ. ఒకరోజు బావ పని మీద ఎటో వెళ్ళినప్పుడు బామ్మర్ది కోసేశాడు. బావ తిరిగొచ్చి, నాలుగు చక్రాల చుట్టూ తిరిగి చూశాడు. చీకటి పడేలోపు ఇంజను దింపి తన షెడ్డు మూలన పెట్టుకున్నాడు. "కోసుకున్న డొల్ల నీది, ఇంజను నాది" అన్నదే బావ నోట అతను విన్న ఆఖరి మాట. బామ్మర్ది పౌరుషంగా ఆ డొల్లని ఒక్కడే వీధి చివరికి తోసుకుపోయాడు. అదిగో, అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం. అక్క మాత్రం కూర గిన్నె పట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది.

వ్యాపారి అటు వెళ్ళగానే బామ్మర్ది, బావ ఇంట్లో లేని సమయం చూసుకుని అక్క దగ్గరికి పరిగెత్తాడు. అక్కకి అంతా తెలుసు. ఆ వ్యాపారి ఇంజనుకి బదులు ఇనుము చెక్కే లేతు మిషను ఇస్తానన్నాడట. అది కాదు అసలు సంగతి. "ఎవరి కోసం దాచుకున్నావు మేస్త్రీ?" అని అడిగాడట. దానికి జవాబు చెప్పలేక బావ, "ఎవరి కోసమూ కాదు, పట్టుకుపో" అనేశాడట. ఇక ఆయన మాట తప్పే మనిషి కాదు, చచ్చినా వెనక్కి తీసుకోడు.

"నువ్వు వెళ్ళి అడగరాదూ?" అంది అక్క.

అడగడానికి నోరు రాదన్నాడు తమ్ముడు. నువ్వే చెప్పక్కా అంటే, ఇంజన్ల సంగతి నాకేం తెలుసురా అంది. అతను తలపట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళు కదలకుండా ఉన్న ఇంజను లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చనీ, అలాంటిదాన్ని ఆ వ్యాపారి ఊరికే ఇచ్చినా ముట్టడనీ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది. బిగుసుకుపోతే ఇక్కడే ఉంటుంది, కానీ ఉండి ఏం లాభం? బాగుంటే పోతుంది. ఏది కోరుకోవాలో తెలియని పరిస్థితి పగవాడికి కూడా వద్దు.

"బిగుసుకుపోయిందో లేదో ఎలా చూస్తాడు?" అంది అక్క, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఇంజను ముందున్న పెద్ద నట్టుకి పానా వేసి తిప్పి చూస్తాడని చెప్పాడు. అక్క ఏరిన రాళ్ళు బయట పారేసి లేచింది.

ఆదివారం పొద్దున బామ్మర్ది కాళ్ళు వద్దంటున్నా బావ షెడ్డుకే నడిచాయి. షెడ్డు వెనకే ఇల్లు. వాకిట్లో కుర్చీల మీద, కిటికీ చువ్వల మీద, ఆఖరికి బాగుచేయడానికి వచ్చిన ఎవరిదో కారు బానెట్టు మీద కూడా తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. ఇదేం అవతారమని అడిగితే, తాడు తెగిందని ముక్తసరిగా చెప్పింది అక్క. బావ తల ఎత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

వ్యాపారి చిన్న లారీతో సహా దిగాడు. బావ మూలనున్న ఇంజను మీది దుప్పటి తీశాడు. దుప్పటి కింద దుమ్మనేదే లేదు, అల్యూమినియం తళతళలాడుతోంది. అంతా బాగానే ఉంది గానీ ఒకసారి తిప్పి చూపించు మేస్త్రీ అన్నాడు వ్యాపారి. బావ చిన్నగా నవ్వి, పానా ఆయన చేతికే ఇచ్చాడు, నువ్వే తిప్పుకో, వెన్నలా తిరుగుతుందన్న ధీమాతో.

తిరగలేదు.

వ్యాపారి ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. కాస్త కదిలినట్టే కదిలి ఆగిపోయింది. బావ నమ్మలేక పానా లాక్కుని తను ప్రయత్నించాడు. అప్పుడూ అంతే. పానాకి పొడుగు పైపు తగిలించబోతే అక్క గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. బలవంతం చేస్తే ఉన్నది కూడా విరుగుతుంది."

వ్యాపారి చేతులు దులుపుకున్నాడు. బిగుసుకుపోయిన దానికి లేతు మిషను ఇవ్వడానికి తనకేం పిచ్చి పట్టలేదనీ, మేస్త్రీ మాట నమ్మి లారీ బాడుగ దండగైందనీ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పోకుండా ఉండాలని కోరుకున్నాడు కదా, బామ్మర్దికి సంతోషం వేయాలి. కానీ ఆ ఇంజను పాట ఇంక ఈ జన్మలో వినడు. బావ అయితే నేల మీదే చతికిలబడ్డాడు.

"మొన్నటి ఆదివారం కూడా తిరిగింది, బామ్మర్దీ."

ఇన్నేళ్ళ తర్వాత బావ పలికిన మొదటి మాట అది. బామ్మర్ది తనూ పక్కనే కూలబడ్డాడు.

"నువ్వు తిప్పుతున్నావా బావా?"

"నేను కాక ఎవరు తిప్పుతారు? మీ అక్క కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా నూనె పోసి తిప్పుతూనే ఉన్నా. నువ్వొచ్చి అడిగిన రోజున బాగుండాలి కదరా. నువ్వు రాలేదు. పంతం నాకే అనుకున్నా, నీకూ ఉంది."

బామ్మర్దికి ఏడుపు ఆగలేదు. ఆ రెక్కలు ఎప్పుడో ఊడదీసేశానన్నాడు. కోసిన చోట కొత్త రేకు అతికి, పాత వంపు వచ్చేదాకా కొట్టి కొట్టి, మొదట ఎలా ఉండేదో అలా చేశానన్నాడు. వేరే ఇంజను ఇస్తామని ఎంతమంది వచ్చినా పెట్టించలేదు, ఆ చోటు ఖాళీగానే ఉందన్నాడు. "నువ్వొచ్చి చూస్తావని పట్టా కప్పి ఉంచా బావా. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చింది." బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇంత తెలిశాక ఇంజనే లేకుండా పోయిందే అని ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

అక్క ఆ ఏడుపు చాలాసేపు చూసింది. చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, ప్లగ్గులు విప్పే పానా తీసుకుంది. ఒక ప్లగ్గు విప్పింది. తలలోంచి పిన్ను తీసి, ఆ కన్నంలో గుచ్చి, ఏదో కొసని పట్టి బయటికి లాగింది. నీలం రంగు తాడు. లాగుతుంటే వస్తోంది, వస్తోంది, నూనె ఓడుతూ వస్తూనే ఉంది. పక్క కన్నంలోంచి ఇంకో ముక్క తీసింది. ఇటు తిప్పితే ఒకటి అడ్డం, అటు తిప్పితే రెండోది అడ్డం. ఆ విద్య నేర్పింది ఎవరో కాదు, ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్న ఆ ఇద్దరే.

"ఇంజన్ల సంగతి తెలియదన్నావు కదే అక్కా!" అన్నాడు తమ్ముడు.

"మాట ఇచ్చింది ఈయన, నేను కాదు" అంది అక్క.

బావ పానా వేసి తిప్పాడు. ఇంజను మెత్తగా ఒక చుట్టు తిరిగింది, ప్లగ్గు కన్నాల్లోంచి నిట్టూర్చినట్టు గాలి వచ్చింది. ఇంకో చుట్టు తిప్పమని పానా బామ్మర్దికి అందించాడు. తిప్పుతూ తిప్పుతూ బామ్మర్ది, రెక్కలు లేకుండానే కాస్త వెడల్పు టైర్లు పడతాయేమోనని నసిగాడు. బావ కళ్ళెర్రజేశాడు. అక్క నూనె కారుతున్న తాడుని చుట్టగా చుట్టి ఇద్దరి మధ్యా విసిరికొట్టింది.

"దీని మీద ఇక నేను బట్టలు ఆరేసేదేముంది? కొత్త తాడు కావాలి. ఇద్దరూ కలిసి, ఆ కారులోనే వెళ్ళి తీసుకురండి. అంతవరకూ ఈ ఇంట్లో కూర్చోవడానికి ఎవరికీ కుర్చీ లేదు."

ఆ సాయంత్రం వీధిలో వాళ్ళందరూ తలుపుల దగ్గరికి వచ్చి చూశారు. ఇంజను లేని పొడుగుముక్కు కారుని వీధి ఆ చివర నుంచి ఈ చివరికి బావా బామ్మర్దీ రొప్పుతూ తోసుకొస్తున్నారు. తోస్తూ కూడా టైర్ల గురించి వాదించుకుంటూనే ఉన్నారు. గేటు దగ్గర కూర్చున్న ముసలాయన, "దీన్ని తోసుకుంటూ ఎక్కడికి, బామ్మర్దీ?" అని కేకేశాడు.

ఈసారి అతనికి ఒళ్ళు మండలేదు.

"తాడు కొనడానికి!" అన్నాడు.