మూడో వంతు నూనె

సముద్రాల అవతలి చెరకు దీవిలో, షెమాన్ గ్రెనియే ఊళ్ళో రేకుపని చేసే రామలుకు తన చేతులంటే మహా గర్వం. ఆ గర్వమే అతని కొంప ముంచింది.

ఎనిమిదేళ్ళ కిందట రామభజన దీపానికి పాత డబ్బా తీసేసి సగం బంతిలాంటి గిన్నె చేశాడు. వెడల్పూ లోతూ పాతవే. "అడుగు గుండ్రమైతే ఏం తగ్గుద్ది? గరిటెడు!" అన్నాడు. ఆ దీపానికి నూనె ఒక్కసారే పొయ్యాలి, మళ్ళీ కలపకూడదు. పాత డబ్బాతో కొలిచిన నూనెను భార్య అంకమ్మ చేత పోయించాడు. తెల్లారేదాకా వెలగాల్సిన దీపం రాత్రి రెండు గంటలకే ఆరిపోయింది. తీరా చూస్తే మూడో వంతు నూనె అంకమ్మ వంటింట్లో ఉంది.

"నిండా పోశాను, మిగిలింది," అని ఆమె మొత్తుకుంది. భజన నడిపే పెద్దన్న ఆమెను దొంగ అన్నాడు. రామలూ ఆ మాటే అన్నాడు. మరుసటి నెల పెద్ద తుఫానుకు గోడ కూలి ఆమె పోయింది. దీపం పాపమే తగిలిందన్నారు. లోకం నోటికి మూతేముంది!

అప్పటినుంచి రామలు సుత్తి ఎత్తినప్పుడల్లా, పట్టపగలే, వెనక నూనె ఒంపుతున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. "దొంగిలించింది చాలక పీడిస్తోంది," అని పళ్ళు నూరేవాడు.

దీవిలో స్వాతంత్ర్యం జెండా ఎగిరిన వారంలో, పెద్ద పరీక్షకు చదువుతున్న కూతురు సరస్వతి వచ్చింది.

"బంతి ఎంత పడుద్దో సూత్రం బుర్రకెక్కట్లేదు నానా. డబ్బా, సగం బంతి గిన్నె, కోన్ చేసిపెట్టు. అన్నిటికీ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు."

చేశాడు. ఆమె కోన్‌తో మూడుసార్లు నీళ్ళు పోస్తే డబ్బా నిండింది. డబ్బా ఒంపేసి అందులో గిన్నెడు పోసింది. వెలితి మిగిలింది. ఆ వెలితి ఒక్క కోన్‌తో అంచుదాకా నిండింది, చుక్క ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

"గెత్, చూడు నానా. కోన్‌ను గిన్నె పక్కన బోర్లించు. అడుక్కుపోయేకొద్దీ గిన్నె ఎంత తగ్గుద్దో కోన్ అంత లావవుద్ది. ఏ మట్టంలో అడ్డంగా కోసినా రెండు కోతల వైశాల్యం కలిపితే డబ్బా కోతంతే. కోన్‌ది మూడో వంతు, గిన్నెది రెండు వంతులు. రెండు గిన్నెలైతే బంతి."

రామలు గిన్నెను చేతిలోకి తీసుకుని గుండ్రటి అడుగు తడిమాడు.

"మూడో వంతు... మీ అమ్మ నిండానే పోసింది."

"సూత్రం నాకు పోయినేడే వచ్చేసింది. అమ్మ పోస్తుంటే చూశానని ఆ రోజే చెప్పాను, కొట్టావు. మా మాట నమ్మవు. నీ చేతుల మాటైనా నమ్ముతావని చేయించాను."

రామలు మూడూ సంచిలో వేసుకుని పెద్దన్న గుమ్మం ముందు నిలబడ్డాడు.

"చెంబెడు నీళ్ళు తెప్పించు అన్నా. మా అంకమ్మ దొంగ కాదు," అన్నాడు, ఎనిమిదేళ్ళు ఆలస్యంగా.