అయోడిన్ కన్నా ముందు

కోలోజ్వార్‌లో ఆ చలికాలమంతా రసాయన శాస్త్రవేత్త ఓడన్ నోరు వెల్లుల్లి కంపు కొట్టింది. టెల్లూరియం అనే మూలకంతో పనిచేసే వాళ్లందరికీ అంతే. వారాల తరబడి పోదు.

"దొరగారి ముద్దులు ఇక వసంతానికేనా?" అంటూ భార్య ఎటెల్కా అన్నం గిన్నె ప్రయోగశాల బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి జరిగి నిలబడింది.

"ఇవాళ్టితో అయిపోతుంది. కావలసిన సంఖ్య వచ్చింది."

సాయంత్రం శాస్త్రవేత్తల సభలో అతను తన పట్టిక చూపాలి. మూలకాలను పరమాణువుల బరువు వరసలో పేర్చితే, ఒకే నడత గలవి వాటంతటవే ఒకదాని కింద ఒకటి వచ్చి నిలిచాయి, ఒక్క చోట తప్ప. నడతను బట్టి టెల్లూరియం గంధకం కుటుంబంలోది, అయోడిన్ క్లోరిన్ కుటుంబంలోది. అలా నిలవాలంటే టెల్లూరియం అయోడిన్ కన్నా ముందు రావాలి, అంటే దానికన్నా తేలిక కావాలి. ఎప్పుడు తూచినా అదే బరువెక్కువ. ప్రపంచంలో క్రమం ఉందని నమ్ముతున్నాడో, అది లేకపోతే తను నిలవలేనని భయపడుతున్నాడో, ఓడన్‌కు తెలియదు.

ఈ ఉదయం మొదటిసారి దాని బరువు తక్కువగా వచ్చింది. తూచిన ఆక్సైడ్ నుంచి ఎంత టెల్లూరియం దిగుతుందో చూడటం అతని పద్ధతి. అలా దిగిన నల్లపొడిని వడపోత కాగితంలో వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి తూస్తాడు. పొడి తగ్గితే లెక్కలో పరమాణువూ తేలికవుతుంది.

"ఈ కడుగునీళ్లు పారబోయనా? అడుగున మసి పేరుకుంది," అంది ఎటెల్కా.

వంగి చూశాడు. మసి కాదు. కాగితం దాటి జారిపోయిన టెల్లూరియం. ఇవాళ ఎందుకంతసేపు కడిగాడు? శుభ్రం కోసమే అనుకున్నాడు. ఎప్పటిదాకా ఆగకూడదో చేతికి ముందే తెలుసేమో.

"పారబోయకు."

"మొహం అలా పెట్టారేం? సంఖ్య వచ్చిందన్నారుగా?"

"రాలేదు. నేనే రప్పించాను."

సభలో ప్రయోగశాల డైరెక్టర్ కెమెనీ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "కుటుంబాలు కట్టావు సరే, పెళ్లిభోజనం ఎప్పుడోయ్?" అందరూ నవ్వారు. ఆయన వేలు పట్టిక మీద ఆగింది. టెల్లూరియం అయోడిన్ కన్నా ముందే ఉంది. దాని కింద పాత బరువే, ఎక్కువ బరువే.

"ఇదేంటయ్యా? బరువైనది ముందా? నీ నియమం నువ్వే తప్పావా?"

"బరువు నిజమేనండీ. చోటూ అదేనని నా నమ్మకం."

"రెండూ ఎలా కుదురుతాయోయ్?"

"తెలీదండీ."

ఆ మాటకు అతను నోరు తెరవగానే ముందు వరసలో ఇద్దరు జేబురుమాళ్లు తీసి ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.