మూడో ఎపిసోడ్‌లో లేని సీను

ఫ్రాన్సిస్ ఇరవై రెండేళ్ళుగా సగం నిద్రలోనే బతుకుతున్న మనిషి. ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పని, వారానికో షిఫ్టు. ఒక వారం తెల్లారకముందే వెళ్ళాలి, ఇంకో వారం మధ్యాహ్నం వెళ్ళి అర్ధరాత్రికి రావాలి, మరో వారం అందరూ పడుకునే వేళకి బయల్దేరి పొద్దున్నే ఇంటికి చేరాలి. పగలు పడుకోవాలి కాబట్టి ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టర్ కిటికీలకి నల్లటి దుప్పట్లు కట్టి ఉంటాయి. ఆ చీకట్లో మెలకువ వచ్చినప్పుడు ఇది పొద్దుటో సాయంత్రమో ఒక్క క్షణం తెలియదు. ఆ క్షణం అంటే అతనికి ప్రాణం. అప్పుడు తనకి వయసుండదు, డ్యూటీ ఉండదు, మంచం ఎటైనా తేలిపోతుంది.

అలాంటి మనిషికి జనరల్ షిఫ్టు ఇస్తామన్నారు. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేయడమే. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఫ్రాన్సిస్ మాత్రం నాలుగు రోజులుగా నానుస్తున్నాడు. భార్య జయమణి రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. అడగకపోవడమే అతన్ని ఎక్కువ కంగారు పెడుతోంది.

ఆదివారం మధ్యాహ్నం హసన్ వచ్చాడు. టౌన్లో పూర్ణా మార్కెట్ పక్కసందులో వాచీలు బాగుచేస్తాడు, ఫ్రాన్సిస్‌కి చిన్నప్పటి స్నేహితుడు. ప్రతి ఆదివారం బస్సెక్కి అంత దూరం నుంచి వచ్చేది ‘నిదురనౌక’ సీరియల్ చూడటానికి, చూశాక అందులో తప్పులు పట్టడానికి. ఎక్కడివాళ్ళు తీశారో గానీ తెలుగులో కూడా వస్తోంది. రెండు వేలమంది అద్దాల పెట్టెల్లో నిద్రపోతూ ఇంకో నక్షత్రానికి ప్రయాణం చేస్తుంటారు. వాళ్ళకి కాపలాగా ఒక్కడే మెలకువగా ఉంటాడు. అతని భార్య కూడా ఆ పెట్టెల్లోనే ఉంది.

ఆ రోజు ఎపిసోడ్ అయిపోగానే హసన్ వేళ్ళు మడవటం మొదలుపెట్టాడు.

“ముప్పై ఏళ్ళు గడిసినా గోడ మీద గడియారం పదీ పదే సూపిత్తంది బావా. అది ఒక తప్పు. ఆడి గెడ్డం ఓసారి ఉంటాది, ఓసారి ఉండదు. అది రెండు.”

“ఆర్నెల్లు సల్లారిపోయిన ఇంజను స్విచ్చేసి ఎలిగించీసినాడు,” అన్నాడు ఫ్రాన్సిస్. “మా ఫర్నేస్ కాడ ఆ మాటంటే కొడతారు. అదీ రాసుకో.”

“ఇయన్నీ సిన్నయి. కథలో అసలు కన్నం ఇంకోటున్నాది. పెళ్ళాం పక్కగదిలోనే ఉన్నాది. లేపే మీట ఈడి సేతిలోనే ఉన్నాది. ముప్పై ఏళ్ళు ఒక్కడూ గోడలతో మాటాడుకున్నాడు గానీ లేపలేదు. ఎందుకూ? రాసినోడు మర్సిపోయాడు!”

“మర్సిపోలేదు. మూడో ఎపిసోడ్‌లో సెప్పాడు కదేటి?”

“ఏటి సెప్పాడు?”

ఫ్రాన్సిస్ కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఆ సీను అతనికి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. “ఆడు మెల్లగా ఆ గదిలోకొత్తాడు. సప్పుడవకుండా సెప్పులు సేత్తో పట్టుకుంటాడు. అద్దం మీద ఆవిరి తుడిసి ఆవిణ్ణి సూత్తాడు. మీట మీద సెయ్యెడతాడు. లేపితే? తొలిరోజు బాగున్నావా అంటాది. రెండోరోజు కూరేటంటాది. మూడోరోజు ఏటి మాటాడాలో ఆడికి తెలీదు. పడుకున్నప్పుడే ఆవిడ ఆడిది. ఆ భయానికి మీటొదిలీసి, బల్ల మీద మూతెట్టిన కంచం తీసి అన్నం తింటాడు.”

“ఆవిడ నిద్దర్లో ఉంటే కంచం మీద మూతెవులెట్టారు బావా?” హసన్ పడీ పడీ నవ్వాడు. రిమోట్ అందుకుని మూడో ఎపిసోడ్ మొదట్నుంచీ చివరిదాకా పరిగెత్తించాడు. చెప్పుల్లేవు, కంచం లేదు, ఆవిరీ లేదు. “డ్యూటీ నుంచొచ్చి కునుకుతా సూసుంటావు. నువ్వు కలగన్నావు.”

ఫ్రాన్సిస్ టీవీ వంక వెర్రిగా చూశాడు. అద్దం చల్లదనం ఇంకా అరచేతికి తెలుస్తూనే ఉంది.

మూల కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతున్న జయమణి నవ్వలేదు. తరగడం ఆపేసి మొగుడి వంకే చూస్తోంది. హసన్ ఆమె ముఖం చూసి, పాల ప్యాకెట్ తెస్తానంటూ లేచి మెట్లు దిగిపోయాడు. మంచివాడు, ఎప్పుడు వెళ్ళాలో తెలిసినవాడు.

“ఆవిడ నిద్రపోతందని నీకెవులు సెప్పారు?” అంది జయమణి.

ఫ్రాన్సిస్ టీవీ మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు.

“గేటు కాడే స్కూటరాపి తోసుకొత్తావు. మెట్ల మీద సెప్పులిప్పి సేత్తో పట్టుకుంటావు. కంచం మీద మూత రెండు సేతుల్తో తీత్తావు. ఇరవై రెండేళ్ళు అన్నీ ఇన్నాను. నా నిద్ర పాడవకూడదని అంత జాగర్త పడతన్నావు కదా, కళ్ళు తెరిత్తే నీకు సిన్నతనమని మూసుకున్నాను.”

ఎన్ని రాత్రులు! మెలకువగా ఉన్న ఇద్దరు మనుషులు, ఒకరి నిద్రకి ఒకరు కాపలా. ఎంత వెర్రితనం, ఎంత ప్రేమ. ఆ గది మొత్తం మెల్లగా నేల విడిచి తేలుతున్నట్టు అనిపించింది ఫ్రాన్సిస్‌కి.

“భయమేత్తంది జయా,” అన్నాడు చివరికి. “మన గుంటడు ఆరోన్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆడి గొడవే సరిపోయింది. ఇప్పుడాడు హాస్టల్‌కెల్లిపోయాడు. సాయంత్రం ఆరింటికొచ్చి కూకుంటే, పడుకునేదాకా మనం ఏటి మాటాడుకుంటాం?”

“నాకూ భయమే,” అంది జయమణి. “అడిగిన రెండుసార్లూ నువ్వు ఒద్దంటావేమోనని భయపడ్డాను. సరే అంటావేమోనని ఇంకా భయపడ్డాను.”

ఫ్రాన్సిస్‌కి ఒక్కసారిగా నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఫోను తీసి ఇన్‌ఛార్జి సీతారామాంజనేయులుగారికి కలిపాడు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర చెడిన ఆయన విసుక్కుంటూ ఎత్తారు.

“నాను ఫ్రాన్సిస్‌ని సార్. జనరల్ షిఫ్టుకి వత్తాను.”

ఫోను పెట్టేసి వెళ్ళి జయమణి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇద్దరికీ నిజంగానే ఒక్క మాటా తోచలేదు. అయినా ఇద్దరూ లేవలేదు.