గొంతు సవరించుకునే కారు

మా కారు ఎత్తు ఎక్కాలంటే ఏడుపు మొహం పెట్టేది. ఇంజను బాగానే ఉంది, పొగ బయటికెళ్లే దారిలోనే అడ్డం ఉందని మెకానిక్ తేల్చాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడాయన. ఆ చెవి మీద నాకు మహా గురి. పొగని వడకట్టడానికి కంపెనీవాళ్లు బిగించిన కన్వర్టర్లు రెండూ పీకేసి, పొగని ధారాళంగా వదిలే హై ఫ్లోవి వేయించుకోమన్నాడు.

"గుడ్డలో వడకట్టడం మానేసి జల్లెడలో పోసినట్టుంటుంది సార్. బండి హాయిగా ఊపిరి తీసుకుంటుంది."

సరేనని వేయించాను. ఊపిరి సంగతి చెప్పాడు గానీ మిగతాది చెప్పలేదు. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే కారు గొంతు సవరించుకుంది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అచ్చం మా మామయ్య!

మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, పోయి పదకొండు నెలలు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆయనకీ అత్తయ్యకీ ఒకటే గొడవ, బస్సులో గొడుగు మర్చిపోయింది ఎవరని. "మీరే. ఒప్పుకోండి" అంది అత్తయ్య. జవాబు చెప్పడానికి ఆయన గొంతు సవరించుకున్నాడు. అంతే, ప్రాణం పోయింది. అప్పట్నుంచి అత్తయ్య మా ఇంట్లో ఓ మూల కూర్చుని, రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడేది కాదు.

ఆ అత్తయ్య తడి చేతులతో బయటికి పరిగెత్తుకొచ్చి, కారు వెనక గొట్టం ముందు చతికిలబడింది.

"ఆఁ, చెప్పండి. వింటున్నాను."

పొగలో కూర్చోవద్దని బతిమాలి ముందు సీట్లోకి ఎక్కించాను. అది నా బుద్ధితక్కువ. ఇక రోజూ అరగంట సంవాదం, నాకు ఆఫీసుకి ఆలస్యం. ఇంజను ఆపబోతే మా ఆవిడ కిటికీలోంచి కేక పెట్టేది, "ఆపకండీ! అమ్మ మాట్లాడుతోంది." నా కారు మీద నాకే అధికారం లేకుండా పోయిందని ఒళ్లు మండేది. నిజం చెప్పొద్దూ, అత్తయ్య మొహంలో కళ చూస్తే సంతోషంగానూ ఉండేది.

శుక్రవారం పొల్యూషన్ టెస్టు. ఈ జల్లెడలతో గట్టెక్కేది కాదు. గురువారం మెకానిక్ పాత కన్వర్టర్లూ జాకీ పట్టుకుని వచ్చాడు. అత్తయ్య సీట్లోంచి కదిలితేగా! బెల్టు కూడా పెట్టేసుకుంది.

"ఆయన జవాబు చెప్పేదాకా ఒక్క బోల్టు ముట్టుకుంటే ఊరుకోను."

మెకానిక్ బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరు ఆనించి చాలాసేపు విన్నాడు. "నాలిక చివర్లోనే ఉంది సార్. ఇప్పుడు పీకితే పాపం" అని జాకీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అలా శుక్రవారం ఉన్న కారు ఉన్నట్టే, అత్తయ్యతో సహా టెస్టుకి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు మీటరు ట్యూబు వెనక గొట్టంలోకి దూర్చాడు.

"మెల్లగా పెట్టండి బాబూ, ఆయనకి వికారం" అంది అత్తయ్య.

ఇన్‌స్పెక్టరు తలైనా ఎత్తలేదు. "ఒకసారి గట్టిగా దగ్గమనండమ్మా."

నేను యాక్సిలరేటరు తొక్కాను. అత్తయ్య డాష్‌బోర్డు మీదికి వంగింది.

"ఆఖరుసారి అడుగుతున్నాను. గొడుగు మర్చిపోయింది మీరా, నేనా?"

రెండు పొట్టివి వచ్చాయి. పొడుగుది రాలేదు. కారు ఒక్క వణుకు వణికి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు "ఫెయిల్" అని చీటీ నా చేతిలో పెట్టాడు. అత్తయ్య మాత్రం దర్జాగా వెనక్కి వాలింది.

"చూశారా అల్లుడుగారూ? నలభై ఏళ్లు కాపురం చేశాను. తప్పు తనదైతే ఇంతే, నోరు మెదపరు. ఒప్పేసుకున్నారు."

"అయితే పాతవి బిగించెయ్యమంటారా?" అన్నాను.

"బిగించుకోండి. నా పని అయిపోయింది."

హమ్మయ్య అనుకుని తాళం తిప్పాను. కారు పలకలేదు. మళ్లీ తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. అత్తయ్య మొహంలో గెలుపు కళ ఎగిరిపోయింది. మూడోసారి తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లనిండా నీళ్లతో, ఇన్‌స్పెక్టరుకి వినపడకుండా డాష్‌బోర్డు దగ్గరగా మొహం పెట్టింది.

"సరే, గొడుగు నేనే మర్చిపోయాను లెండి. ఇప్పుడైనా పలకండి."