ముద్దను మోసిన రోజు

నేను ఒక సంచిని. గుడ్డసంచిని కాను, ప్లాస్టిక్ సంచిని అసలే కాను. ఏసుపాదం అనే లారీ పెయింటరు మెదడులో, అతని చేతి కదలికను అదుపులో ఉంచే కణాల్లో ఒకదానిలో, చెత్త మొయ్యడానికి పుట్టిన రెండు పొరల సంచిని. బడి మొహం చూసినవాణ్ని కాదు. మేం చేసే పనికి చదువుకున్నవాళ్ళు ఆటోఫేజీ అని పేరు పెట్టారు. తన్ను తాను తినడమని అర్థమట. ఆ పేరులో మోత ఎక్కడుంది? పేరు పెట్టేవాళ్ళు మోసేవాణ్ని అడిగి పెడతారా ఎక్కడైనా!

మా కణానికి పొడవాటి తోక ఉంటుంది. ఆ తోక చివర ప్రొటీన్లు పని చేస్తుంటాయి. సరిగ్గా మడతపడి ఉన్నంతకాలం బుద్ధిగానే ఉంటాయి. మడత తప్పిన ఒక్కటి పక్కదాన్ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని పట్టుకుంటుంది. చివరికి నానిన అటుకుల్లా ముద్ద కడతాయి. అలాంటి ముద్దలు పేరుకుంటే కణం చస్తుంది. మా ఇరుగుపొరుగు కణాలు సగానికి పైగా ఇప్పటికే పోయాయి. ఏసుపాదం కుడిచెయ్యి వణికేది అందుకే.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఒక ముద్ద మీద, ఇది పారెయ్యాలి అని గుర్తు పడింది. ఆ గుర్తును పట్టుకుని నేను మొదలయ్యాను. ముందు చిప్పలా ఉన్నాను, తర్వాత గిన్నెలా. అంచులు దగ్గరికొచ్చి మూసుకునేసరికి సంచినయ్యాను. పది నిమిషాల్లో పుట్టుక పూర్తి, బారసాల లేదు. కడుపులో ముద్ద. తోక చివర నుంచి కణం నడిబొడ్డుకి వెళ్ళాలి. ఆ వైపు లైసోజోమ్‌లనే పుల్లనీళ్ళ తిత్తులుంటాయి. గట్టి తిత్తి ఒకటి నాతో కలిస్తేనే ముద్ద కరుగుతుంది. పట్టాల మీద నడిచే మోతగాడొకడు నన్ను వీపున వేసుకున్నాడు. ప్రయాణం సాయంత్రం దాకా.

బయట, ఆటోనగర్ షెడ్డులో, ఏసుపాదం గడువు కూడా సాయంత్రం దాకానే. పున్నయ్య లారీ మర్నాడు ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ తనిఖీకి, వెళ్ళాలి. రంగు ఆరింది. మిగిలిందల్లా పక్కచెక్కల పొడుగునా, పక్కకొకటి చొప్పున పద్నాలుగు అడుగుల ఎర్ర గీత. చేత్తో వెయ్యాలి.

“ఏం ఏసూ, డబ్బాలో రంగు కలుపుతున్నావా, మజ్జిగ చిలుకుతున్నావా?” అన్నాడు పున్నయ్య. “ఎదర కొట్టులో స్టిక్కరుంది. అరగంటలో అతికిచ్చేస్తాడు.”

“స్టిక్కరు రెండు వానలకి ఊడుద్ది పున్నయ్యన్నా. సాయంత్రం దాకా ఆగు. గీత వంకరైతే నేనే నిన్ను ఆ కొట్టుకి తీసకపోతా. మళ్ళీ బ్రష్షు పట్టను.”

ముప్పై ఏళ్ళ పనిని ఒక్క గీత మీద పెట్టేశాడు. మనుషులకి ఇదొక జబ్బు.

సుద్ద పూసిన దారం చెక్క మీద లాగి కొట్టి గీతకి గుర్తు పెట్టుకున్నాడు. బ్రష్షు ఆనించాడు. రెండడుగులు లాగి, చెయ్యి కుదురు చేసుకుందామని ఆగాడు. ఆగిన చోటే చెయ్యి వణికింది, మిరపకాయ బజ్జీ అంత మచ్చ పడింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అలాగే ఆగాడు. “కాసేపు చేతికి రెస్టు ఇవ్వన్నా” అని షెడ్డులో తలా ఒకడు సలహా పారేశాడు. సలహాకి మోత ఉండదు కదా.

నా పనీ అలాగే ఏడ్చింది. దారిలో మొదటి తిత్తి వచ్చి కలిసింది. పులుపు చచ్చిన మజ్జిగలా ఉంది, ముద్ద అంచు కూడా కరగలేదు. రెండోదీ అంతే. ముసలి కణంలో తిత్తులు కూడా ముసలివే. ముందు పట్టా పక్కన ఇంకో ముద్ద అడ్డంగా పెరిగి ఉంది. మోతగాడు తడబడ్డాడు. అతను నన్ను వదిలేస్తే అడిగేవాడెవడూ లేడు. కానీ నేను అక్కడ పడితే నేనే ఇంకో అడ్డం. పద, అన్నాను. ఒరుసుకుంటూ దాటాం.

మధ్యాహ్నం ఏసుపాదం భార్య మార్తమ్మ క్యారేజీ, మాత్రలు తెచ్చింది. అతను తింటుంటే చేతినే చూస్తూ కూర్చుంది.

“ఒళ్ళో పెట్టుకుంటేనే కొట్టుకుంటంది నీ చెయ్యి” అంది. “అన్నం నోటికెత్తేటప్పుడు అంత వణకలా. చూసుకున్నావా?”

“అయితే?”

“అయితే గీత మజ్జలో ఆపమాక. నువ్వు కుదురు చేసుకుందామని ఆగినప్పుడల్లా అది ఆడతంది.”

“చెప్పటం తేలికే. పద్నాలుగు అడుగులు!”

“పెళ్ళికి ముందు నన్ను చూట్టానికి తెనాలి దాకా సైకిలు తొక్కావు. అప్పుడు మజ్జలో ఆగావా?”

“పంచరైందిగా, ఆగా.”

“ఆగి ఏం చేశావు? తోసుకుంటా వచ్చావు. లే.”

ఎండ షెడ్డు గుమ్మం దాటి పోతుండగా అతను లేచాడు. బ్రష్షు ఆనించి చెక్క వెంట నడక మొదలుపెట్టాడు. నెమ్మదిగా, కాళ్ళు ఈడుస్తూ. ఈ వణుకుడు జబ్బు నడకని కూడా తినేసింది మరి. కానీ ఆగలేదు. మజ్జిగ మాటన్న పున్నయ్య పక్కకి జరిగి దారిచ్చాడు.

అదే వేళకి నేను నడిబొడ్డు చేరాను. మూడో తిత్తి కలిసింది. దీని పులుపు ఘాటుగా తగిలింది. ముద్ద అంచు విడింది, ముక్కలైంది, ముక్కలు నలిగి పొడయ్యాయి. ఆ పొడితో కణం మళ్ళీ కొత్త ప్రొటీన్లు కట్టుకుంటుంది. ముద్దతో పాటు నా లోపలి పొర కూడా కరుగుతోంది. ఈ పనిలో పింఛను ఉండదు.

నా వల్లే ఆ గీత నిలిచిందని చెప్పను. మిగిలిన లక్షల కణాల్లో మాది ఒకటి. ఇవాళ అది చావలేదు, అంతే నాకు తెలిసింది.

చివర బ్రష్షు ఎత్తగానే చెయ్యి మళ్ళీ వణికింది. పున్నయ్య కన్ను చికిలించి ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు.

“బానే ఉంది” అన్నాడు చివరికి. “రెండో పక్క?”

ఏసుపాదం చేతిని కిందికి దించలేదు. బ్రష్షు రంగులో ముంచి, అలాగే నడుస్తూ లారీ అవతలి పక్కకి తిరిగాడు. తోక చివర ఇంకో ముద్ద మీద గుర్తు పడింది. అక్కడ ఇంకో చిప్ప అంచులు చాపుతోంది.